జాకెట్టు ఇవ్వని పాటగత్తె

ముత్యాలమ్మ బోనాల నాడు డీజే బండికి అడ్డం నిలబడి మధులత ఒక పోట్లాట గెలిచింది. భద్రమ్మ దాన్ని దగ్గరుండి చూసింది. పోట్లాట విషయంలో భద్రమ్మకు కొన్ని పట్టింపులున్నాయి. ఒక చెయ్యి నడుం మీద ఉండాలి. మాట ఎదుటివాడి తాత దాకా పోవాలి. దారినపోయేవాళ్లు పని మానుకుని ఆగాలి. మధులత నడుం మీద చెయ్యి పెట్టలేదు, ఎవరి తాతనూ తలవలేదు. అయినా గెలిచింది. ఆ సంగతి భద్రమ్మకు చాలా రోజులు మింగుడుపడలేదు.

జరిగింది ఇది. పినపాక రోడ్డు మీద బోనాల వరుస కదులుతోంది. ముందు డప్పులు, డప్పుల వెనక డీజే బండి, బండి వెనక నెత్తిన బోనాలతో ఆడవాళ్లు. బండి మీద మనిషెత్తు సౌండు డబ్బాలు. వాటి నడుమ నల్లద్దాలు పెట్టుకుని సంపత్ కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కల పెళ్లయినా, వినాయకుణ్ణి నీళ్లలో కలిపినా డబ్బాలు సంపత్‌వే. ఆ రోజు డబ్బాల్లోంచి వస్తున్న పాట ఇది:

అంచు కుట్టనా బావా, గుండీ పెట్టనా
ఆదివారం సంత నాటికి అంగీ ఇయ్యనా

ఈ రెండు ముక్కలు అయిపోగానే బావిలోంచి మాట్లాడినట్టు ఒక మగగొంతు "డీజే సంపత్, డీజే సంపత్" అంటుంది. మళ్లీ ఆ రెండు ముక్కలే. మళ్లీ సంపతే.

ఆ పాట కట్టింది, పాడింది మధులత. బస్టాండు పక్కన బట్టలు కుట్టే మనిషి. ముప్పై దాటింది, మాట తక్కువ. దుకాణంలోంచి మెడలో టేపుతో అలాగే దిగి వచ్చి బండి ముందు నిలబడింది.

"సంపతూ, గీ పాట ఎవరిది?"

"అక్కా, జర పక్కకు జరుగు. అమ్మవారికి పొద్దుపోతది."

"పాట ఎవరిదని అడిగిన."

"ఫోన్ల దొరికింది. ఫోన్ల దొరికిన పాట అందరిది."

"తొవ్వల మేక దొరికితే అందరిదేనా?"

"మేకకు చెవి కోసి గుర్తు పెట్టుకుంటరు. పాటకు గుర్తేముందక్కా?"

డప్పులవాళ్లు నవ్వారు. భద్రమ్మ అయితే సరిగ్గా అక్కడ వాడి తాతను పిలిచేది. మధులత మాత్రం వాడి వైపు చూడడమే మానేసి బోనాల వరుస వైపు తిరిగింది.

"నేను కుట్టిన జాకెట్టు తొడుక్కున్నోళ్లు జర ఆగుండ్రి," అంది, బస్సు ఇంకా రాలేదని చెప్పినంత మామూలుగా.

వరుస మొత్తం ఆగిపోయింది. పండగ నాడు పినపాకలో కొత్త జాకెట్టు అంటే మధులత చేతిదే. ఒక్క భద్రమ్మకే ఆగాలో నడవాలో తెలియలేదు. ఆమె ఇచ్చిన ఆకుపచ్చ గుడ్డ ఇంకా దుకాణంలో గుడ్డగానే ఉంది. అందరూ ఆగారు కాబట్టి ఆమె కూడా ఆగింది. కానీ తాను ఆగడం వేరు, వీళ్లు ఆగడం వేరు అని పక్కావిడకు వినపడేటట్టు చెప్పింది.

సంపత్ నల్లద్దాలు తీసి చూశాడు. వరుసలో అందరికంటే ముందున్నది వాడి తల్లి.

"అమ్మా, నువ్వన్న నడువే."

"ఏం నడువాల్రా. ఆమె పేరు చెప్పరాదు, నోరు అరిగిపోతదా? నెత్తి మీద దీపం కొండెక్కేటట్టున్నది."

వాడు మైకు అందుకున్నాడు. "గీ పాట కట్టింది, పాడింది మన పినపాక టైలర్ మధులత అక్క," అన్నాడు. అలవాటు చొప్పున చివర "డీజే సంపత్" అని కూడా అన్నాడు. మధులత పక్కకు జరిగింది. బోనాలు కదిలాయి.

ఆ గెలుపు వల్ల జరిగింది ఏమిటంటే, మర్నాటి నుంచి దుకాణం ముందు జనం. మైకులో చెప్పినదాంట్లో జనం చెవికెక్కింది "టైలర్" అన్న ఒక్క మాట. మణుగూరు నుంచి కూడా బట్టలు మోసుకొచ్చారు. పాట గురించి అడిగినవాళ్లు లేరు. బట్టలు పెరిగాయి, పాడే తీరిక తగ్గింది. భద్రమ్మ ఆకుపచ్చ గుడ్డ అరలో ఇంకా అడుక్కు పోయింది.

మధులత పుట్టింది మణుగూరులో బొగ్గు గని క్వార్టర్లలో. తండ్రి బిక్షపతి, భద్రమ్మ పెనిమిటి ఒకే షిఫ్టులో దిగేవాళ్లు. బిక్షపతి పాటలు కట్టేవాడు. బరువు లాగేటప్పుడు ఒకటి, బొగ్గు బావిలోంచి పైకి వచ్చేటప్పుడు ఒకటి. జట్టువాళ్లు పాడుకునేవాళ్లు, వాళ్ల ఇళ్లలో పాడుకునేవాళ్లు, వరినాట్లకు పోయిన ఆడవాళ్లు పాడుకునేవాళ్లు. ఒకసారి ఏదో సభలో ఎవరో గాయకుడు వేదిక ఎక్కి బిక్షపతి పాటే పాడి, "ఇది జానపదం, కట్టిందెవరో తెలియదు" అని చెప్పాడు. కట్టినాయన ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. పక్కనున్న పిల్ల మధులత అతని చొక్కా లాగింది.

"నాయినా, గది నీ పాట గదా."

"ఊకో బిడ్డా. నలుగురు పాడుతున్నరు, చాలదా."

ఆ పిల్ల ఊకోలేదు, అప్పుడూ ఊకోలేదు, ఇప్పుడూ ఊకోలేదు. బిక్షపతి పోయాక కూడా ఆయన పాటలు అక్కడక్కడా వినపడుతూనే ఉన్నాయి. ఆయన పేరు మాత్రం ఇంట్లో ఫొటో కింద తప్ప ఎక్కడా లేదు. "నా పాటను ఎవరు పాడకున్నా సరే పెద్దమ్మా, నా పేరు లేకుంట మాత్రం పాడొద్దు," అని మధులత ఒకసారి కాజాలు కుడుతూ అంది. భద్రమ్మకు ఆ మాట నచ్చింది. నచ్చినట్టు చెప్పలేదు. జాకెట్టు చేతికి రాకముందే టైలర్‌ను మెచ్చుకునేంత తెలివితక్కువది కాదు ఆమె.

పాట పాడి లోకం మీదికి వదలాలంటే స్టూడియో కావాలంటారు. మధులతకు స్టూడియో అంటే కరెంటు పోవడం. ఆమె దుకాణానికి గోడ అవతల పిండి గిర్నీ ఉంది. అది తిరుగుతున్నంత సేపు పక్కవాడు తుమ్మినా వినపడదు. కరెంటు పోతే గిర్నీ ఆగుతుంది, ఎదురింటి టీవీ ఆగుతుంది, ఫ్యాన్లు ఆగుతాయి. ఊరంతా ఉస్సురని బయటికి వచ్చి అరుగుల మీద కూర్చుంటుంది. మధులత తలుపు దగ్గరగా వేసి, ఫోన్‌ను దారపు రీళ్ల డబ్బాకు ఆనించి, కుట్టు మిషను తొక్కుతూ పాడుతుంది. ఆ మిషను చప్పుడే తాళం. పల్లవికి ఖాళీ మిషను తొక్కేది. చరణానికి సూది కింద మందపాటి ప్యాంటు గుడ్డ పెట్టేది, చప్పుడు బరువుగా రావాలని.

అందుకని లైన్‌మన్ జానీతో ఆమెకు స్నేహం. "జానన్నా, కరెంటు మళ్ల ఎప్పుడు తీస్తవ్?" అని ఆశగా అడిగేది. జానీ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి కరెంటు ఎప్పుడొస్తుందని అడిగి తిట్టినవాళ్లే తప్ప, ఎప్పుడు పోతుందని బతిమాలినవాళ్లు లేరు. మొదట్లో ఎగతాళి అనుకుని చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత అలవాటైంది. అడవిలో తీగల మీద పడే కొమ్మలు కొట్టే రోజున ముందుగా దుకాణానికి వచ్చి చెప్పి, చాయ తాగి పోయేవాడు.

పాట కట్టడం ఒక ఎత్తు, దాన్ని నలుగురి చెవిన వేయడం ఇంకో ఎత్తు. సంతలో వంకాయలవాడు అరిస్తే జనం వంకాయలు చూస్తారు. పాటగత్తె అరిస్తే అరుపు వింటారు, పాట వినరు. కాబట్టి మధులత అరవలేదు. తన చేతిలో ఉన్న పనిని వాడుకుంది. కుట్టిన జాకెట్టును ఊరికే చేతికి ఇవ్వడం మానేసింది.

"అయ్యింది గదా మధూ, ఇయ్యరాదు."

"ఇస్త వదినా. ఫోన్ తియ్యి. గిదిగో, గీ పాట తెరువు. కింద ఎర్రగున్నది నొక్కు. పక్కన గంట బొమ్మ గూడ నొక్కు."

"గంట ఎందుకు?"

"నేను కొత్త పాట పెడితే నీకు మోగుతది."

"మా అత్త పిలిస్తెనే పలకను, నీ గంటకు లేస్తనా?"

"లేవకున్నా మంచిదే. నొక్కు."

నొక్కిన తర్వాతే జాకెట్టు. పెళ్లిళ్ల రోజుల్లో దుకాణం ముందు ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని గంటలు నొక్కుతుంటే, దారినపోయేవాళ్లు ఇదేదో సర్కారు పథకం అనుకుని తామూ వరుసలో నిలబడ్డారు. మధులత వాళ్లచేత కూడా నొక్కించింది.

భద్రమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె బొడ్లోంచి తన ఫోను తీసి బల్ల మీద పెట్టింది. రబ్బరు బ్యాండు చుట్టిన గుండీల ఫోను. మధులత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెద్దమ్మా, దీంట్ల పాట రాదు."

"నొక్కడానికి గిన్ని గుండీలున్నయి. నీ గంట ఒక్కటి లేకుంటే నా తప్పా?"

భద్రమ్మ రెండో తరగతి దాకా చదివింది. అక్షరాలు కూడబలుక్కుని బస్సు బోర్డు చదవగలదు. ఇంకొకరు చేసే పని తనకు చేతకాదని ఒప్పుకోవడం మాత్రం ఏ తరగతిలోనూ నేర్చుకోలేదు. "అందరు నొక్కితే ఎట్లనే? నొక్కనోళ్లు గూడ ఒకరుండాలె," అని లేచిపోయింది. పోయేటప్పుడు మాత్రం మిగతావాళ్ల ఫోన్ల వైపు ఓరగా చూసింది.

ఆ తర్వాత మధులత ఆటోల మీద పడింది. ఆటోవాళ్లకు సీటు కవర్లు కుట్టి ఇచ్చి, వీపు ఆనే చోట ఎర్ర దారంతో "పినపాక మధులత పాటలు" అని పెద్ద అక్షరాలు అల్లింది. ఆలోచన మంచిదే. కానీ ఈ దారుల్లో ఆటో అంటే ఊపిరాడనంత మంది ఎక్కితే గాని కదలదు. జనం ఎక్కగానే అక్షరాలు వీపుల వెనక్కి పోయాయి. ఖాళీ ఆటోలు మాత్రం ఆమె పేరు చూపిస్తూ స్టాండులో నిలబడి ఉండేవి. దాన్ని చదివేవాడు ఆటో డ్రైవరు ఒక్కడే, వాడికి ముందే తెలుసు. మధులత పెనిమిటి వీరన్న బొగ్గు టిప్పరు నడుపుతాడు. అతను తన బండిలో ఆ పాటే పెట్టుకుని తిరిగేవాడు. టిప్పర్లో ఎక్కేది బొగ్గు, బొగ్గు వింటే ఏం లాభం.

ఇంతలో వానలు ముదిరాయి. డబ్బాలకు తడవకుండా కవర్లు కుట్టించుకుందామని సంపత్ దుకాణానికి వచ్చాడు. బోనాల పోట్లాట తర్వాత వాడు ఒక్క రోజు పేరు చెప్పాడు. రెండో రోజు నుంచి షరా మామూలే. మధులత వాడి కవర్లకు కొలతలు తీసుకుంటూనే అడిగింది.

"నా పేరు పాటల్నే ఉండె గద రా. దాన్ని గూడ కోసేస్తివి."

ఉంది. ఆఖరి చరణంలో ఉంది. పాట కట్టినవాళ్లు ఆఖరి చరణంలో పేరు పెట్టుకోవడం వెనకటి పద్ధతి. ఆమె కూడా అలాగే పెట్టుకుంది:

పినపాక గడప కాడ పాడిన పాట
మధులత కుట్టెనమ్మా మాసిపోని మాట

"అక్కా, కోపం చేసుకోకు," అన్నాడు సంపత్. "ఆఖరి చరణం దాక ఎవడుంటడు? పెండ్లి బరాత్‌ల ఎగిరేటోనికి రెండు లైన్లు చాలు. మూడో లైను కాడికి పాట మార్చుమంటడు. నువ్వు పేరును ఇంటి వెనక గోడ మీద రాసుకున్నవ్."

"అయితే మొదలు పెడత."

"మొదలు పెట్టినా కోస్త. నా ముద్ర పడాలె గదా. నడుమ పెట్టినా కోస్త. ఏదన్న కోస్తే ఎగిరేటోళ్లు ఆగిపోవాలె, గసుంటి కాడ పెట్టుకో. గప్పుడు నేనే గాదు, ఎవ్వడు ముట్టడు."

మూలన ముక్కాలి పీట మీద భద్రమ్మ కూర్చుని ఉంది. జాకెట్టు కోసమే. "ఇల్లు దోచేటోడే గొళ్లెం ఏడ పెట్టాల్నో చెప్తున్నడు," అంది.

"ఎవరన్న చెప్పాలె గద పెద్దమ్మా."

"నీకు సిగ్గు లేదురా."

"ఉంటే డీజే ఎందుకైత."

మధులత టేపు చివర పళ్ల మధ్య పట్టుకుని ఆలోచనలో పడింది. కోస్తే జనం ఆగిపోయే చోటు. అలాంటి చోటు పాటలో ఎక్కడుంటుందో ఆమెకు తెలియలేదు. సంపత్‌కూ తెలియదు.

భద్రమ్మ ఆకుపచ్చ గుడ్డ ఇచ్చింది చెల్లెలి మనవరాలి పెళ్లికి. పెళ్లి అయిపోయింది. భద్రమ్మ పాత జాకెట్టుతోనే వెళ్లి, ఎవరూ అడగకపోయినా "కొత్తది కుట్టుకు పోయింది" అని చెప్పి వచ్చింది. ఇంకో టైలరుకు ఇయ్యొచ్చు కదా అని కోడలు అంటే, మిగతావాళ్లు భుజం దగ్గర బిగిస్తారని చెప్పింది. అది నిజమే. ఆ దుకాణంలో కూర్చుంటే పాత క్వార్టర్ల వాసన వచ్చినట్టు ఉంటుందనేది కూడా నిజమే, కానీ అది కోడలికి అనవసరం.

ఒక మధ్యాహ్నం ఎండలో నడిచి నడిచి భద్రమ్మ దుకాణానికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. గిర్నీ తిరగడం లేదు. లోపల్నుంచి మిషను చప్పుడు వస్తోంది. కుట్టుడు పని జరుగుతోంది కాబోలు, తన జాకెట్టే కాబోలు అనుకుని తలుపు తోసింది. మధులత మిషను మీద గుడ్డపేలిక లేదు. ఉత్త మిషను తొక్కుతూ కళ్లు మూసుకుని ఆ పాత పాటనే కొత్తగా మళ్లీ పాడుతోంది. అంచు కుట్టనా బావా, గుండీ పెట్టనా.

అప్పుడు భద్రమ్మ నోరు తెరిచింది.

"ఏందే, గుడ్డ లేని మిషను తొక్కుకుంట బావకు గుండీ పెడుతున్నవా? నా జాకెట్టు ఎవడు కుడతడు, మీ తాత లేచొస్తడా? పెండ్లి అయిపాయె. పెండ్లిపిల్ల నీళ్లోసుకునె. నా గుడ్డ గుడ్డ తీర్గనే ఉండె. రేపు దానికి బిడ్డ పుడితే ఆ బిడ్డకన్న కుడతవా, లేకపోతే గా బిడ్డ పెండ్లికి తొడుక్కొని పోవాల్నా నేను?"

మధులత కళ్లు తెరిచింది, కానీ కాలు ఆపలేదు. మిషను అలాగే నడిచింది. భద్రమ్మ తిట్టు మిషను దెబ్బ తప్పకుండా, ఎవరో నేర్పినట్టు తాళం మీద పడింది. భద్రమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట మధులత పల్లవి అందుకుంది. భద్రమ్మకు ఒళ్లు మండి ఇంకో రెండు తగిలించింది. మధులత మళ్లీ అందుకుంది. అంతలో కరెంటు వచ్చింది. గిర్నీ గర్రుమంది. ఇక ఆ రోజుకు ఇంకోసారి పాడే అదృష్టం లేదు. మధులత దొరికిందే చాలని దాన్నే సాయంత్రం ఫోన్లో పెట్టేసింది. భద్రమ్మతో ఆ మాట చెప్పలేదు. భద్రమ్మ ఫోన్లో పాట రాదు కదా.

ఆ తర్వాత కొన్నాళ్లకు మోకాలు నొప్పికని భద్రమ్మ భద్రాచలం దవాఖానాకు వెళ్లింది. బయట బెంచీ మీద వరుసలో కూర్చుంది. పక్కన ఒక పిల్ల, చండ్రుగొండ నుంచి వాళ్లమ్మను తీసుకుని వచ్చిందట, ఫోను చూసుకుంటూ కిసుక్కున నవ్వుతోంది. ఫోన్లోంచి ఎవరో ముసలామె ఎవర్నో తిడుతోంది.

"ఎవరే ఆమె? నోరు మంచిది గాదు," అంది భద్రమ్మ.

"జాకెట్ అవ్వ. మస్తు తిడతది. మా కాలేజిల అందరికి నోటికి వచ్చు."

భద్రమ్మ ఆ పిల్ల ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నది. "పెండ్లిపిల్ల నీళ్లోసుకునె" దాకా వినేసరికి సంగతి అర్థమైంది. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు.

"అవ్వా, నీ గొంతు గూడ గట్లనే ఉన్నది," అంది ఆ పిల్ల.

"నాది గింత గట్టిగ ఉండదు," అంది భద్రమ్మ. లోపల్నుంచి డాక్టరు బయటికి వచ్చి ఇక్కడ కేకలు వేయొద్దని చెప్పి వెళ్లాడు.

భద్రమ్మ గొంతు తగ్గించింది. "నడుమ పాడే పిల్ల ఎవరు?"

"ఏమో. ఎవరో. గిది జాకెట్ అవ్వ పాట."

తిరుగు బస్సులో భద్రమ్మ కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే నములుతూ వచ్చింది. తన గొంతు చండ్రుగొండ దాకా పోయినందుకు లోపల ఒక మూల గర్వంగానే ఉంది. అది అబద్ధం కాదు. కానీ బిక్షపతి పాటకు పేరు లేకపోయె, ఇప్పుడు బిక్షపతి బిడ్డ పాటకు వచ్చిన పేరేమో తనదాయె. అడగకుండా వచ్చి ఒళ్లో కూర్చున్న పేరు. దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. తెలియనప్పుడు భద్రమ్మ చేసే పని ఒకటే. బస్సు దిగి నేరుగా దుకాణానికి పోయింది, పోట్లాటకు. ఈసారి చెయ్యి నడుం మీద పెట్టుకునే పోయింది.

"నన్ను అడగకుంట నా నోరు ఊరి మీద వదులుతివా?"

"వదిలిన పెద్దమ్మా," అంది మధులత. "కూసో."

"కూసోను. నీ పాటకు నా పేరు పడ్డది, ఎరుకనా? నీ పేరు ఎవరికి తెల్వది."

"ఎరుకే."

"ఎరుకై గూడ గిట్ల బండరాయి లెక్క కూసున్నవా? మీ నాయిన తీర్గ చప్పట్లు కొడతవా?"

మధులత చేతిలో కత్తెర కింద పెట్టింది. "సంపత్ నిన్న వచ్చిండు," అంది. "జానంపేటల పెండ్లి బరాత్‌ల గీ పాట పెట్టిండంట. ముందు నీ తిట్టు కోసేసి పెట్టిండు. పోరగాండ్లు ఎగురుడు బంద్ చేసిండ్రంట. 'అవ్వ ఏది, అవ్వ ఏది' అని బండి ఎక్కిండ్రంట. మళ్ల తిట్టు పెట్టినదాక బండి కదలనియ్యలేదంట. నా పల్లవి కోస్తే ఎవరు అడగలేదు. నీ తిట్టు కోస్తే అడిగిండ్రు."

భద్రమ్మకు వెంటనే అర్థం కాలేదు. కాసేపటికి చెయ్యి నడుం మీంచి దానంతటదే జారింది. ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది.

"అంటే?"

"మేకకు గుర్తు పెట్టే చెవి దొరికింది పెద్దమ్మా," అంది మధులత. "కొత్త పాట కట్టిన. జానన్న బేస్తవారం పొద్దుగాల కరెంటు తీస్తనన్నడు, కొమ్మలు కొట్టేది ఉన్నదంట. నువ్వు రావాలె. వచ్చి నన్ను తిట్టాలె. ఊరికె తిట్టుడు గాదు. పేరు పెట్టి, ఊరు పెట్టి, మా నాయిన పేరు గూడ పెట్టి తిట్టాలె. 'ఓ పినపాక మధులతా, బిక్షపతి బిడ్డా' అని ఎత్తుకో. తర్వాత నీ ఇష్టం. ఇగ ఎవడు కోస్తడో కోయనియ్యి."

భద్రమ్మ పీట మీంచి సగం లేచి మళ్లీ కూర్చుంది.

"నాకు చెప్పిచ్చుకొని తిట్టుడు రాదు," అంది. "నేను నాటకాలామెను గాను. కోపం రావాలె. కోపం లేంది మాట రాదు."

"ఎరుకే. గందుకే గిది చూడు."

మధులత అరలోంచి ఆకుపచ్చ జాకెట్టు తీసింది. కుట్టడం అయిపోయింది. హుక్కులు పెట్టి, చేతులకు సన్నటి జరీ అంచు వేసి, ఇస్త్రీ చేసి ఉంది. భుజం దగ్గర ఎక్కడా బిగువు లేదని చూస్తేనే తెలుస్తోంది. భద్రమ్మ చెయ్యి చాచింది. మధులత జాకెట్టును నాలుగు మడతలు పెట్టి, మళ్లీ అరలోనే పెట్టి, తాళం వేసి, తాళంచెవి తన బొడ్లో దోపుకుంది.

"గిప్పుడిస్తే నీకు కోపం ఏడికెళ్లి వస్తది?" అంది. "బేస్తవారం తిట్టినంక ఇస్త. అప్పటిదాక రోజూ రా పెద్దమ్మా. వచ్చి జాకెట్టు అడుగు. నేను కాలేదని చెప్త."